పోర్ట్ ఫిలిప్ బే పొట్టి అలల్లో చిన్న ట్రైలర్ యాట్‌ను నడపడం ఎలా?

నైరుతి గాలి (పాయింట్ కుక్, మెల్‌బోర్న్)

అందరికీ నమస్కారం. గత ఏడాది మేము 22 అడుగుల పాత ట్రైలర్ యాట్ (కారు వెనుక ట్రైలర్ మీద లాక్కుపోగల తెరచాప పడవ) ఒకటి కొన్నాము. బరువున్న స్వింగ్ కీల్ (పడవ అడుగున దించి ఎత్తగలిగే పలక), పైకి మడిచే చుక్కాని, చుట్టుకొనే జిబ్ (ముందున్న తెరచాప), ఒకే ఒక రీఫ్ (చాపను మడిచి చిన్నది చేసే ఏర్పాటు) ఉన్న మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప), వెనుక పలక మీద 6 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ దానికి ఉన్నాయి. గిప్స్‌ల్యాండ్ సరస్సుల్లో ఆ పడవ చెప్పినట్లు వింటుంది. మెల్‌బోర్న్ ముందున్న పోర్ట్ ఫిలిప్ బేలోకి దింపినప్పుడు మాత్రం, ముఖ్యంగా మధ్యాహ్నం తరువాత దక్షిణపు గాలి 18 నాట్స్ (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దాటినప్పుడు, దాని తీరు పూర్తిగా మారిపోతుంది.

వెరిబీ సౌత్ ర్యాంప్ (పడవలు నీటిలోకి దింపే వాలు) నుంచి బయలుదేరి గాలికి ఎదురుగా వెళ్ళాలని చూస్తే, వరుసగా రెండు మూడు అలలు ముక్కుకు తగిలేసరికి వేగం చచ్చిపోతుంది. ఆ స్థితిలో మలుపు తీసుకోబోతే పడవ గాలికి అభిముఖంగా ఆగిపోయి వెనక్కి జారుతుంది. టిల్లర్‌ను (చుక్కానిని తిప్పే కర్రను) రెండు చేతులా పట్టుకోవలసి వస్తున్నది. మోటారు వేస్తే ప్రొపెల్లర్ నీళ్ళలో నుంచి పైకి లేచి అరుస్తుంది. పడవ బోల్తా పడుతుందేమోనని నా శ్రీమతికి భయం పట్టుకుంది. ఆ భయం అకారణమని చెప్పేంత అనుభవం నాకు లేదు. నేను తెరచాప నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో డింగీల (చిన్న తెరచాప పడవల) మీద. ఇలాంటి పడవను ఇలాంటి నీటిలో నడిపే పద్ధతిని తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

గాలివాటు (శాండ్రింగ్‌హామ్)

మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకదానికొకటి ముడిపడినవే కనుక ముందు అలల సంగతి చూద్దాం. బే ఉత్తర దక్షిణాలుగా సుమారు 58 కిలోమీటర్లు, అడ్డంగా సుమారు 41 కిలోమీటర్లు ఉంటుంది. పెద్ద అల తయారు కావడానికి సముద్రంలో వందల కిలోమీటర్ల పరుగు దొరుకుతుంది, ఇక్కడ అంత చోటు లేదు. అందువల్ల 20 నాట్స్ గాలికి మీటరు ఎత్తు అల లేస్తుంది కానీ, అది మూడు నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చి పడుతుంది. మూడు సెకన్ల అలకు శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం 14 మీటర్లే, అంటే మీ పడవ పొడవుకు రెండింతలు. ఒక అలను దిగి వేగం కూడదీసుకొనేలోగానే ముక్కు తరువాతి అలలో దిగబడుతుంది. నీరు లోతు తక్కువ కావడమే దీనికి కారణమని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో అది ఒడ్డుకు దగ్గరగా, ఐదారు మీటర్ల లోతులో మాత్రమే పెద్ద కారణం. మధ్యలో అసలు కారణం పరుగు చాలకపోవడమే.

ఇలాంటి నీటిలో పడవకు మొదట కావలసింది వేగం, గాలికి ఎంత దగ్గరగా వెళ్ళగలమన్నది ఆ తరువాతి మాట. వేగం 3 నాట్స్ కంటే పడిపోతే కీల్ మీదుగా నీరు చాలినంత పారదు, పడవ పక్కకు కొట్టుకుపోతుంది, చుక్కాని పట్టు తప్పుతుంది. అందుచేత సరస్సులో పెట్టే కోణం కంటే ఐదు నుంచి పది డిగ్రీలు గాలికి దిగువగా పెట్టి, షీట్‌లను (తెరచాపలను లాగి పట్టే తాళ్ళను) కొద్దిగా వదిలి, జీపీఎస్‌లో నాలుగు నాలుగున్నర నాట్స్ నిలిచేటట్లు చూసుకోండి. గాలికి ఎదురుగా అటూ ఇటూ వంకరగా పోయేటప్పటి రెండు దిశల మధ్య కోణం 90 డిగ్రీలకు బదులు 105 అయినా బాధ లేదు, గట్టున చూసిన గుర్తుకు మీరే ముందుగా చేరుతారు.

నడపడంలో రెండో భాగం టిల్లర్ పని. అల ఎక్కేటప్పుడు ముక్కును కొంచెం గాలి వైపు తిప్పి, శిఖరం కిందికి రాగానే గట్టిగా దిగువకు లాగి వెనుక వాలు మీద జారనివ్వాలి. అలా చేయకపోతే ముక్కు గాలిలో నిలబడి ధనాలున పడుతుంది, ఆ దెబ్బతోనే సగం వేగం పోతుంది.

టిల్లర్ రెండు చేతులకు బరువైందన్నారు కనుక, మిగిలినవన్నీ పక్కన పెట్టి ముందుగా చుక్కాని పలకను పరిశీలించండి. మడిచే చుక్కానిని కిందికి లాగి పట్టే తాడు అరచేయంత సాగినా, వేగం రాగానే నీటి ఒత్తిడికి పలక వెనక్కి లేస్తుంది. అప్పుడు ఒత్తిడి కేంద్రం ఇరుసు నుంచి వెనక్కి జరిగి, మోయలేని బరువుగా చేతికి తగులుతుంది. గాలి ఎక్కువై టిల్లర్ లాగుతున్నదని అందరూ అనుకుంటారు, కానీ పాత ట్రైలర్ యాట్లలో తరచుగా దోషం ఆ తాడుదే అవుతుంది.

సికింద్రాబాద్ చుక్కాని

హుస్సేన్ సాగర్ పేరు విని రాయకుండా ఉండలేకపోయాను. జూలైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగే రోజుల్లో అక్కడ పడమటి గాలి భవనాల మధ్య నుంచి తెరలు తెరలుగా వచ్చి తగులుతుంది. మేము లేజర్ అనే డింగీల్లో నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, మెయిన్‌సెయిల్‌ను వీలైనంత చదునుగా లాగడం, గాలి దెబ్బ తగిలిన ప్రతిసారీ ముక్కును ఎగువకు తిప్పి తెరచాప ముందు అంచు కాస్త కొట్టుకొనేటట్లు ఉంచడం, దెబ్బ తగ్గగానే మళ్ళీ దిగడం. దీనివల్ల పడవ వాలదు, ఎగువకు దూరం కూడా కలిసివస్తుంది. మిత్రులు నైరుతి గాలి గారు బేలో కూడా ఇదే పాటిస్తే వాలు తగ్గి, ఇంట్లోవారి భయం కూడా తగ్గుతుందని నా అభిప్రాయం. గాలివాటు గారు షీట్‌లు వదలమంటున్నారు, అలా చేస్తే వాలు ఇంకా పెరగదా?

గాలివాటు

మీ పద్ధతి నున్నని నీటికి సరైనదే, అక్కడ నేను కూడా అదే చేస్తాను. లేజర్‌లో మనిషి బరువే పడవ బరువు కంటే ఎక్కువ, అందువల్ల నడుము వెనక్కి వాల్చగానే పోయిన వేగం తిరిగి వస్తుంది. నీటి నిల్వలు, లంగరు, మనుషులతో కలిపి టన్ను దాటే ట్రైలర్ యాట్‌కు ఆ వీలు లేదు. ముక్కు ఎగువకు తిప్పి తెరచాపను ఒక్క క్షణం ఖాళీ చేశారంటే, సరిగ్గా ఆ క్షణంలోనే అల వచ్చి తగులుతుంది. ఇంజన్ ఆపి గట్టు ఎక్కబోయినట్లే అవుతుంది.

వాలు విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. షీట్ వదలమన్నది తెరచాప మొత్తాన్ని వదలమని కాదు. అడుగు భాగాన్ని అవుట్‌హాల్‌తో (అడుగు అంచును వెనక్కి లాగే తాడు), ముందు అంచును హాల్యార్డ్‌తో (చాపను పైకి ఎత్తే తాడు) గట్టిగా బిగించి చదును చేయండి. పైన మూడో వంతు మాత్రం మెలి తిరిగి తెరుచుకొనేటట్లు మెయిన్‌షీట్‌ను కొంచెం సడలించండి. అలల మీద ఊగే కొయ్యకు (తెరచాప స్తంభానికి) పైభాగాన గాలి కోణం ప్రతి సెకనూ మారుతూ ఉంటుంది, మెలి ఉన్న తెరచాప ఆ మార్పును ఓర్చుకుంటుంది, బిగదీసిన తెరచాప ఒకసారి పని చేసి మరుక్షణం ఊరుకుంటుంది. అప్పటికీ పడవ 20 డిగ్రీలకు మించి వాలుతున్నదంటే మీ చాప ఎక్కువైనట్లే. ఎగువకు తిప్పి తప్పించుకోకుండా రీఫ్ చేయండి.

విశాఖ లంగరు

నౌకాదళంలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అమ్మాయి కుటుంబం ఫ్రాంక్‌స్టన్‌లో ఉన్నందున ఏటా కొన్ని నెలలు ఆ బే చూస్తూ ఉంటాను. గాలివాటు గారు నడక గురించి చక్కగా చెప్పారు. నేను భద్రత గురించి చెబుతాను, ఎందుకంటే నైరుతి గాలి గారి ఇల్లాలి భయానికి ఆధారం ఉంది.

బాబూ, స్థిరమైన లోతైన కీల్ ఉన్న పెద్ద యాట్ పక్కకు పడుకున్నా తనంతట తానే లేస్తుంది. ట్రైలర్ యాట్‌లన్నిటి గురించీ అలా హామీ ఇవ్వలేము. కీల్ కిందికి దిగి ఉన్నప్పుడే మీ పడవకు నిలదొక్కుకొనే బలం. కీల్ బిగించకుండా ఉండి, పడవ 90 డిగ్రీలు దాటి పడుకుంటే, ఆ బరువు కీల్ మడుచుకొనే పెట్టెలోకి తిరిగి జారిపోవచ్చు. కాబట్టి పడవ తయారీదారు లాక్ బోల్టు ఇచ్చి ఉంటే లోతైన నీటిలో దానిని తప్పక వేయండి. ఇసుక దిబ్బలున్న చోట, సరస్సుల్లో, తీసి ఉంచండి, ఎందుకంటే బిగించిన కీల్ నేలకు తగిలితే పైకి మడవలేక ఆ దెబ్బంతా పెట్టె మీద పడుతుంది. ఏ రోజు ఏది అవసరమో ర్యాంప్ దగ్గరే నిర్ణయించుకోండి.

రెండవది గది తలుపు. పడవ పక్కకు పడినప్పుడు గది ద్వారం గుండా నీరు చేరితేనే అసలు ప్రమాదం. గాలి 15 నాట్స్ దాటిన రోజున కింది పలక ద్వారంలో ఉండి తీరాలి, పైన జారుడు మూత మూసి ఉండాలి. లోపలికి వెళ్ళి రావడానికి కష్టమని పలకను తీసి పడక మీద పడేయడం చాలా పడవల్లో చూశాను, అది చాలా చెడ్డ అలవాటు.

మూడవది రీఫ్. గాలి పెరిగాక, పడవ ఎగిరెగిరి పడుతుండగా, కొత్త సిబ్బందితో రీఫ్ చేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సందేహం ఉన్న రోజున ర్యాంప్ పక్కనే, పడవ కట్టి ఉండగానే రీఫ్ వేసి బయలుదేరండి. గాలి లేదనిపిస్తే విప్పడం రెండు నిమిషాల పని. రీఫ్ తాడు బూమ్ (మెయిన్ అడుగు అంచును పట్టే అడ్డ దూలం) చివరి వరకూ ముందే ఎక్కించి, ఏ కొక్కేనికి ఏ రింగు తగిలించాలో ఎండలో నిలబడి అభ్యాసం చేయండి.

లైఫ్ జాకెట్ల గురించి ఇక్కడి చట్టం చదువుకోండి. గాలి హెచ్చరిక ఉన్నప్పుడు, ఒంటరిగా వెళ్ళినప్పుడు, చీకటి పడ్డాక వేసుకొని ఉండాలని విక్టోరియా నిబంధన. నా పడవలో మాత్రం తాడు విప్పిన క్షణం నుంచి తిరిగి కట్టే వరకూ అందరూ వేసుకునే ఉంటారు. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ఎలా పిలవాలో మీ శ్రీమతికి కూడా నేర్పండి, ఎందుకంటే నీటిలో పడేది మీరే కావచ్చు.

గోదావరి ఆడపడుచు (ఆక్లండ్)

మేమిద్దరం హౌరాకీ గల్ఫ్‌లో తిరుగుతాము. రాంగిటోటో ఛానెల్‌లో ఆటుపోటు ప్రవాహానికి గాలి ఎదురు తిరిగినప్పుడు అల గోడలా నిటారుగా లేస్తుంది. మీ బే లోపల ఆ ప్రవాహాల బెడద దక్షిణపు మొన దగ్గర తప్ప పెద్దగా లేకపోవడం మీ అదృష్టం. మెయిన్‌షీట్, టిల్లర్ ఆయన చేతిలో ఉంటాయి, జిబ్ షీట్‌లు నావి. మలుపు విఫలమవుతున్నదని రాశారు కాబట్టి, జిబ్ పట్టుకొనే మనిషి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే పొట్టి అలల్లో మలుపు సగం మా చేతిలో ఉంటుంది.

అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి మూడు నాలుగు పోయాక కొంత చదునైన నీరు వస్తుంది. ఆ చదును కోసం కళ్ళు పెట్టుకొని చూసి చెప్పవలసింది నేనే. చెప్పగానే ఆయన ముందు కాస్త దిగువకు తిప్పి వేగం పెంచుతారు, ఆ తరువాతే మలుపు. టిల్లర్‌ను ఒక్కసారిగా అటు తోస్తే చుక్కాని అడ్డుపలకగా మారి పడవను ఆపేస్తుంది, అందుకని మొదట మెల్లగా, ముక్కు తిరిగాక గట్టిగా తోయాలి. అంతకంటే ముఖ్యమైనది జిబ్. ముక్కు గాలిని దాటి, జిబ్ వెనుక వైపు నుంచి గాలి పట్టుకొని ఉబ్బే వరకూ నేను పాత షీట్‌ను వదలను. ఆ ఉబ్బిన జిబే ముక్కును అటు పక్కకు నెట్టేస్తుంది. వచ్చేస్తున్నది కదా అని ముందే వదిలేసిన మలుపులే ఎక్కువగా సగంలో ఆగిపోతాయి.

ఆగిపోయినా కంగారు అవసరం లేదు. పడవ వెనక్కి జారేటప్పుడు చుక్కాని వ్యతిరేకంగా పని చేస్తుంది. ముక్కు ఎటు పోవాలో టిల్లర్‌ను అటే తోసి, జిబ్‌ను అవతలి వైపు చేత్తో పట్టి గాలికి ఆనించి, మెయిన్‌షీట్ పూర్తిగా వదిలేస్తే కొద్ది క్షణాల్లో పడవ పక్కకు తిరుగుతుంది. వేగం వచ్చాకే మెయిన్ లాగాలి.

బరువు గురించి ఒక మాట. ముక్కులో నీళ్ళ డబ్బాలు, వెనుక మూల ఇంధనం ట్యాంకు పెడితే పడవ ముందుకూ వెనక్కూ ఉయ్యాల ఊగడం ఆగదు. బరువున్నవన్నీ కీల్ పెట్టెకు ఇరుపక్కలా నేల మీద సర్ది, మనుషులు కూడా గాలి వచ్చే వైపున, నడిమధ్య, భుజానికి భుజం ఆనించి కూర్చోవాలి. లంగరును కూడా నేను ముక్కులో ఉంచను, కాక్‌పిట్ (నడిపేవారు కూర్చొనే చోటు) పెట్టెలో ఉంచి దాని తాడును బయటి నుంచి ముందు కొక్కెం వరకూ ముందే తిప్పి పెడతాను.

చివరగా, భయపడుతున్న మనిషికి కూర్చొనే పని ఇవ్వకండి, టిల్లర్ ఇవ్వండి. వాలు ఎప్పుడు పెరగబోతున్నదో చేతికి ముందే తెలుస్తుంది, ఆ తెలియడంతోనే భయం చాలా వరకు పోతుంది. కడుపులో తిప్పే వారికి కూడా అదే మందు, చూపు దిగంతం మీద ఉంటుంది కాబట్టి. మాత్ర వేసుకోవాలంటే బయలుదేరడానికి ముందే వేసుకోవాలి.

విశాఖ లంగరు

అమ్మా, మిగతావన్నీ సబబుగా ఉన్నాయి, లంగరు విషయంలో మాత్రం నేను అంగీకరించలేను. ఒడ్డు మీదికి కొట్టుకుపోతున్నప్పుడు పెట్టె మూత తెరిచే వ్యవధి కూడా ఉండదు. ముక్కు ఊగినా సరే, అది ముక్కులోనే ఉండాలి.

గోదావరి ఆడపడుచు

పెద్దవారు, మీ మాట కాదనలేను. అయితే ఇంత చిన్న పడవలో అలల మధ్య మనిషిని ముక్కు మీదికి పంపడమే నాకు ఎక్కువ ప్రమాదంగా తోస్తుంది. కాక్‌పిట్‌లో కూర్చొనే లంగరు వదిలే ఏర్పాటు ఉన్నప్పుడు, గొలుసు గొళ్ళెం ముందే తగిలించి ఉన్నప్పుడు, సమయం విషయంలో తేడా రాదు.

నైరుతి గాలి

మీ అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు. గాలివాటు గారు చెప్పినట్లు చుక్కాని తాడును చూశాను. పైకి బిగువుగానే కనిపించింది కానీ, పలక చివర పట్టుకొని వెనక్కి లాగితే నా బెత్తెడు దూరం కదిలింది. పట్టే క్లీట్ పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. సాగని రకం తాడు, కొత్త క్లీట్ వేశాను. కీల్‌కు లాక్ బోల్టు రంధ్రం ఉన్నది, బోల్టు మాత్రం పాత యజమాని ఇవ్వలేదు.

ఇప్పుడు మరో సందేహం. గాలి పెరిగినప్పుడు ముందు ఏది తగ్గించాలి? చుట్టుకొనే జిబ్‌ను సగం చుట్టడం తేలిక కదా, మెయిన్‌ను అలాగే ఉంచవచ్చా?

గాలివాటు

తేలికైన పని మొదట చేయాలనిపించడం సహజమే, కానీ గాలికి ఎదురు వెళ్ళవలసిన రోజున నేను మెయిన్‌ను ముందు రీఫ్ చేస్తాను. దీనికి రెండు కారణాలున్నాయి. జిబ్ కొయ్యకు ముందు ఉంటుంది, మెయిన్ వెనుక ఉంటుంది. జిబ్ తగ్గించి మెయిన్ పూర్తిగా ఉంచితే బలం వెనక్కి జరిగి, పడవ ముక్కు ఎప్పుడూ ఎగువకు తిరగాలని చూస్తుంది. మీ టిల్లర్ మళ్ళీ బరువెక్కుతుంది. ఇక రెండవది, సగం చుట్టిన జిబ్ ముందు అంచు లావుగా, మధ్య భాగం సంచిలా ఉంటుంది. అది పక్కకు నెడుతుంది కానీ ముందుకు లాగదు.

నా క్రమం ఇది. 14 నాట్స్ సగటు గాలి దగ్గర, అలలు లేచి ఉంటే, మెయిన్‌కు రీఫ్. 18 దాటితే జిబ్‌ను నాలుగో వంతు వరకు చుట్టి, షీట్ కప్పీని ముందుకు జరపడం. ముందుకు జరపకపోతే చుట్టిన జిబ్ పైభాగం తెరుచుకొని కొట్టుకుంటుంది, ఈ చిన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. 22 నాట్స్ ముందస్తు అంచనా ఉంటే నేను ఆ పరిమాణం పడవను బయటికి తీయను. ఎన్నో పడవలకు వేరుగా చిన్న జిబ్ ఉంటుంది. మీ గ్యారేజీలో ఉన్న పాత సంచుల్లో వెతకండి, ఉంటే అది చుట్టిన జిబ్ కంటే ఎంతో మేలు.

మీకు ఒకే రీఫ్ ఉన్నదని రాశారు. తెరచాపలు కుట్టేవారి దగ్గర రెండో రీఫ్ వేయించండి. ఆ ఖర్చు వృథా కాదు.

కోరియో తీరం (జిలాంగ్)

ఇంతవరకూ అందరూ గాలిలో చిక్కుకున్నాక చేయవలసింది చెప్పారు. ట్రైలర్ ఉన్న పడవకు ఉన్న అసలు బలం ఇంటి ముందే ఉన్నది. ఏ ఒడ్డున దింపాలో మీరు ఎంచుకోవచ్చు. మెరీనాలో కట్టిన పడవకు ఆ అవకాశం లేదు.

దక్షిణపు గాలి వీస్తుందని తెలిసిన రోజున వెరిబీ సౌత్ వెళ్ళడం అంటే బే మీదుగా పెరుగుతూ వచ్చిన అలకు ఎదురు నిలబడడమే. అదే గాలికి దక్షిణాన బ్లెయిర్‌గౌరీ, సొరెంటో వైపు నీరు ఎంతో నెమ్మదిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అలకు పరుగు లేదు. నైరుతి, పడమటి గాలికి మా పోర్టార్లింగ్‌టన్ వైపు, కోరియో బే లోపల బాగుంటుంది. ఉత్తరపు గాలికి ఆల్టోనా, విలియమ్స్‌టౌన్ ఒడ్డు బాగుంటుంది. అయితే ఒడ్డు నుంచి బయటికి వీచే గాలి మోసం చేయగలదని గుర్తుంచుకోండి. ఒడ్డున నిలబడితే నీరు అద్దంలా కనిపిస్తుంది, రెండు మైళ్ళు పోయాక తిరిగి రావడమంతా ఎదురీతే. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ అల తగ్గుతూ వస్తుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది పడమటి గాలిలో సెయింట్ కిల్డా నుంచి మోర్డియాలిక్, ఫ్రాంక్‌స్టన్ దాకా ఉన్న తూర్పు తీరం. గాలి, అల రెండూ మిమ్మల్ని ఆ ఒడ్డు మీదికే తోస్తాయి. వేసవిలో పొద్దున వేడి ఉత్తరపు గాలి వీచి, మధ్యాహ్నమో సాయంత్రమో నైరుతి నుంచి చల్లగాలి ఒక్కసారిగా విరుచుకుపడే రోజులు ఇక్కడ మామూలే. పది నిమిషాల్లో దిక్కు సుమారు 135 డిగ్రీలు మారుతుంది. పొద్దున మీకు రక్షణగా ఉన్న గట్టే అప్పుడు గాలి, అల మిమ్మల్ని తోసే ఒడ్డు అవుతుంది. అలాంటి మార్పు వస్తుందని సూచనలో ఒక్క మాట ఉన్నా, అది రావడానికి కనీసం రెండు గంటల ముందే పడవ ట్రైలర్ మీద ఉండాలి.

సూచన చదవడంలో ఒక జాగ్రత్త. వాతావరణ సంస్థ ఇచ్చే అంకె సగటు గాలిది. దెబ్బలు దానికంటే 40 శాతం ఎక్కువ ఉండవచ్చని, అత్యధిక అల చెప్పిన ఎత్తుకు రెట్టింపు ఉండవచ్చని ఆ సూచనలోనే రాసి ఉంటుంది. 15 నాట్స్ అన్న రోజున 21 నాట్స్ దెబ్బ తగలవచ్చు. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తెరచాప మీద ఒత్తిడి దాదాపు రెండింతలు అవుతుంది. హెచ్చరిక 26 నాట్స్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి, హెచ్చరిక లేదంటే మన పడవకు అనుకూలమని అర్థం కాదు. నేను బయలుదేరే ముందు ఫాక్నర్ బీకన్, సౌత్ ఛానెల్ ఐలండ్ కేంద్రాల తాజా కొలతలు చూస్తాను. అవి నీటి మధ్య ఉన్నవి, చెట్ల చాటు లేనివి. సౌత్ ఛానెల్ దగ్గర అప్పుడే 20 దాటి ఉంటే, ఇక్కడ నెమ్మదిగా ఉన్నా బయలుదేరను.

పాయింట్ నెపియన్, పాయింట్ లాన్స్‌డేల్ మధ్యనున్న రిప్ (బే సముద్రంలో కలిసే ఇరుకు ద్వారం) వైపు ఈ పడవతో సరదాకు కూడా వెళ్ళవద్దు. ఆ ఇరుకులో ఆటుపోటు ప్రవాహం మీ మోటారు వేగాన్ని మించిపోగలదు.

సికింద్రాబాద్ చుక్కాని

కోరియో తీరం గారు, ఒడ్డు ఎంపిక గురించి ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. ప్రొపెల్లర్ నీటిలో నుంచి లేస్తున్నదన్న ప్రశ్న మిగిలిపోయింది. దానికి మోటారు మార్చడం తప్ప దారి లేదా?

కోరియో తీరం

మార్చే ముందు చూడవలసినవి ఉన్నాయి. మొదట షాఫ్ట్ పొడవు కొలవండి. 15 అంగుళాల షాఫ్ట్ మోటారు యాట్ వెనుక పలకకు ఎప్పుడూ చాలదు. 20 అంగుళాలది కనీసం ఉండాలి, పలక ఎత్తుగా ఉంటే 25 అంగుళాలది కావాలి. కిందికి జారే బ్రాకెట్ ఉంటే దానిని చివరి మెట్టు వరకూ దింపారో లేదో చూడండి. తరువాత మనుషులు. మోటారు వేయగానే ఒకరు తెరచాప దింపడానికి ముక్కు మీదికి వెళ్తారు, వెనుక భాగం తేలిపోతుంది, ప్రొపెల్లర్ గాలి మింగుతుంది. హాల్యార్డ్‌ను కాక్‌పిట్ వరకూ తెచ్చుకుంటే ఆ అవసరమే రాదు.

మోటారుతో కూడా అలకు నేరుగా ఎదురు వెళ్ళకండి. 30, 40 డిగ్రీల పక్కగా పెట్టి, రీఫ్ చేసిన మెయిన్‌ను మధ్యలో బిగించి ఉంచితే పడవ ఊగదు, చాప కూడా కొంత లాగుతుంది. ఎక్కువ వాలనివ్వకుండా, మోటారు ఉన్న పక్క గాలికి దిగువన ఉండేటట్లు దిశ ఎంచుకుంటే ప్రొపెల్లర్ లోతుగా ఉంటుంది.

ఇంకొకటి, నిలవ ఉన్న ఇంధనం. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి నున్నని నీటిలో కదలదు. అలలు కుదిపినప్పుడే లేచి కార్బ్యురేటర్ సన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది, అంటే సరిగ్గా అవసరమైన వేళకు మోటారు ఆగుతుంది. సీజన్ మొదట్లో ట్యాంకు ఖాళీ చేసి కడిగి, గొట్టంలో ఫిల్టర్ వేయండి.

నైరుతి గాలి

నాది 20 అంగుళాల షాఫ్టే, బ్రాకెట్ మాత్రం పై మెట్టు మీద ఉంది. ఈ వారం దించి చూస్తాను. గాలి వెనుక నుంచి ఉన్నప్పుడు ఎలా నడపాలో, బాగా అలసిపోతే మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకొనే మార్గం ఉన్నదో కూడా చెప్పగలరా?

విశాఖ లంగరు

ఉన్నది. మామూలుగా మలుపు తీసుకోండి, కానీ జిబ్ షీట్ వదలకండి. జిబ్ వెనక్కి ఉబ్బి ఆగిపోతుంది. మెయిన్‌షీట్ సడలించి, టిల్లర్‌ను గాలి పోయే వైపు తోసి రబ్బరు తాడుతో కట్టండి. జిబ్ దిగువకు తిప్పుతుంటే చుక్కాని ఎగువకు తిప్పుతుంటుంది, ఆ రెండింటి మధ్య పడవ నెమ్మదిస్తుంది. చిన్న కీల్ పడవలు పూర్తిగా నిలబడవు, నాటో నాటున్నరో చొప్పున ముందుకూ పక్కకూ జారుతాయి, కనుక దిగువన ఖాళీ నీరు ఉన్న చోటే, ఓడల మార్గానికి దూరంగా చేయండి. ఆ స్థితిలో టీ తాగవచ్చు, రీఫ్ వేయవచ్చు, మ్యాప్ చూసుకోవచ్చు. ఇది నెమ్మదైన రోజున అభ్యాసం చేయండి, ఎందుకంటే ఒక్కొక్క పడవకు షీట్ సడలింపు ఒక్కొక్క రకంగా కుదురుతుంది.

గాలి వెనుక నుంచి ఉన్నప్పుడు పడవ నిటారుగా, హాయిగా ఉన్నట్లు అనిపిస్తుంది. నిజానికి ప్రమాదం అక్కడే ఎక్కువ. మీ వేగం గాలి నుంచి తీసివేయబడడం వల్ల 20 నాట్స్ గాలి ముఖానికి 14గా తగులుతుంది, చాప ఎక్కువైన సంగతి తెలియదు. అల వెనుక నుంచి ఎత్తినప్పుడు పడవ పక్కకు తిరగాలని చూస్తుంది. అది తిరగడం మొదలయ్యాక కాదు, వెనుక భాగం లేస్తున్నప్పుడే టిల్లర్ సరిచేయాలి. నేరుగా గాలివాటుగా పోకుండా 20 డిగ్రీలు పక్కగా పొండి, బూమ్ తనంతట తాను అటు ఇటు కొట్టుకొనే భయం తగ్గుతుంది. కీల్ దించే ఉంచండి. బూమ్‌ను కిందికి లాగే తాడు బిగించి ఉండాలి, లేకపోతే బూమ్ పైకి లేచి అదుపు తప్పుతుంది.

గాలి 15 దాటితే కొత్తవారు బూమ్‌ను వెనుక నుంచి దాటించవద్దు. గాలి వైపుకు తిరిగి, ముందు నుంచి మలుపు తీసుకొని, చుట్టూ తిరిగి రండి. దూరం కొంత పెరుగుతుంది, తల మాత్రం భద్రంగా ఉంటుంది.

గోదావరి ఆడపడుచు

నైరుతి గాలి గారు అడగకపోయినా ఇది చెప్పవలసి ఉన్నది. బాగా తిరిగి వచ్చిన పడవలు ఎక్కువగా దెబ్బ తినేది ర్యాంప్ దగ్గర, అడ్డగాలిలో.

తెరచాపలు బయటే దింపి బూమ్‌కు కట్టేయండి, కొట్టుకొనే చాప ఇరుకులో చేతులకు పని కల్పిస్తుంది. కీల్ ఎత్తేయగానే పడవ నీటి మీద పక్కకు జారుతుంది, కాబట్టి జెట్టీ అందే వరకూ వీలైనంత దించే ఉంచాలి, బోల్టు మాత్రం ముందే తీసి ఉండాలి. ముందొకటి వెనుకొకటి పొడవాటి తాళ్ళు, రెండు పక్కలా రబ్బరు బుడగలు సిద్ధం చేసుకొని, జెట్టీకి గాలి దిగువ పక్కన ఆనుకోండి. గాలి పడవను జెట్టీ నుంచి అవతలికి నెట్టినా తాడు పట్టి ఆపవచ్చు.

మోటారుతో ట్రైలర్ మీదికి తోలుకుపోయే ప్రయత్నం అడ్డగాలిలో చేయవద్దు. ఒకరు ముక్కు తాడును ట్రైలర్ వించి (తాడు చుట్టి లాగే చక్రం) వైపు తీసుకుపోవాలి, రెండవ మనిషి వెనుక తాడును జెట్టీ మీద నిలబడి గాలి వచ్చే వైపు నుంచి పట్టుకోవాలి. పక్కకు పోకుండా ఆపేది ఆ వెనుక తాడే. ట్రైలర్‌కు రెండు నిలువు పైపులు, నడుమెత్తు దాటేటట్లు, బిగించుకుంటే నీళ్ళలో మునిగిన ట్రైలర్ ఎక్కడున్నదో కనిపిస్తుంది, పడవ వాటి మధ్యకే వస్తుంది. చుక్కాని మడిచారో లేదో ఇద్దరూ చూడాలి.

దూరం నుంచి లాక్కొచ్చిన ట్రైలర్‌ను వెంటనే ఉప్పునీటిలో ముంచితే వేడి బేరింగులు ఒక్కసారిగా చల్లబడి నీటిని లోపలికి పీల్చుకుంటాయి. కొయ్య ఎత్తి తాళ్ళు సరిచేసుకొనే అరగంట వాటికి సరిపోతుంది. ఆ కొయ్య ఎత్తే చోట, అక్కడి నుంచి ర్యాంప్ దాకా ఉన్న దారిలోనూ, తలెత్తి కరెంటు తీగలు చూసుకోండి.

నైరుతి గాలి

నిలువు పైపులు రేపే బిగిస్తున్నాను. కీల్ బోల్టుకు రంధ్రం కొలత తీసుకున్నాను, స్టెయిన్‌లెస్ బోల్టు ఆర్డర్ పెట్టాను. వచ్చే ఆదివారం నైరుతి గాలి 12 నుంచి 15 అని సూచన ఉన్నది కాబట్టి పోర్టార్లింగ్‌టన్ నుంచి, ర్యాంప్ దగ్గరే రీఫ్ వేసుకొని బయలుదేరుతాము. టిల్లర్ నా శ్రీమతి చేతిలో ఉంటుంది, జిబ్ షీట్‌లు నేను చూసుకుంటాను. కోరియో తీరం గారు, అక్కడి ర్యాంప్‌లో ఉదయం రద్దీ ఏ వేళకు తగ్గుతుందో చెప్పగలరా?

కోరియో తీరం

చేపల వారంతా తెల్లవారుజామునే దిగిపోతారు, తొమ్మిదిన్నరకు వస్తే జెట్టీ మీద తీరిగ్గా పని చేసుకోవచ్చు. మధ్యాహ్నం వారు తిరిగి వచ్చే వేళకు మళ్ళీ వరుస పెరుగుతుంది. ఆ రోజు నేను కూడా అక్కడే ఉంటాను, వెనుక తాడు పట్టడానికి ఒక మనిషి కావలసి వస్తే పిలవండి.